మాంట్రియల్ దాకా

రాతినేల చల్లదనం మేజోళ్ళ గుండా పైకి ఎక్కుతోంది. ముందు అరికాళ్ళు, తర్వాత మడమలు, ఇప్పుడు పిక్కల దాకా వచ్చింది. అయినా లేచి వెళ్ళి బూట్లు వేసుకోవాలని లేదు. వేసుకుంటే బయటికి నడవాలి. బయట నా రూమ్‌మేట్ హోప్ ఫోనులో మాట్లాడుతూ ఉంటుంది, నన్ను చూడగానే గొంతు తగ్గిస్తుంది, చెయ్యెత్తి ఒక్క నిమిషం అంటుంది, ఆ చెయ్యి చూడాలని లేదు. ఇంకాసేపు ఇక్కడే. ఈ చర్చి చిన్నది. క్యుబెక్ పాత ఊళ్ళో కొండ దిగువన, రాళ్ళు పరిచిన కూడలిలో, చుట్టూ రాతి ఇళ్ళ మధ్య తనూ ఒక ఇల్లులా ఉంది. లోపల కప్పు నుంచి ఒక బొమ్మ ఓడ వేలాడుతోంది, తెరచాపలతో సహా. గాలి లేదు కాబట్టి కదలదు. అయినా దాన్ని చూస్తుంటే నాకు మా నరసాపురం రేవు దగ్గర జనాన్ని గోదావరి దాటించే పంటు గుర్తొస్తోంది. పంటు మీద నిలబడితే ఒడ్డే కదిలినట్టుంటుంది, మనం కదలనట్టుంటుంది. హోప్ కూడా అంతే, వాంకూవర్ వెళ్ళేది తనే, కానీ నాకెందుకో నేనే ఎటో కొట్టుకుపోతున్నట్టుంది.

బూట్లు ఆలోచించి విప్పలేదు. గుమ్మం దాటుతుంటే చేతులే వంగాయి, పక్కనున్న జిప్పు లాగాయి, రెండూ గోడ వారగా సర్ది పెట్టాయి. మా పల్లెలో చెప్పులతో ప్రార్థన మందిరంలోకి వెళ్ళేవాళ్ళెవరూ లేరు, చాపల మీద కూర్చుంటాం, ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క. ఇక్కడ కూడా వచ్చి ఎడమ పక్కనే కూర్చున్నానని కూర్చున్నాక గమనించాను. హోప్ గుమ్మంలోనే పకపకా నవ్వింది. "ఏయ్ బాలా, ఏంటే అది? ఇక్కడెవరూ విప్పరు. అదిగో ఆ ముసలాయన చూడు, బూట్లతోనే పోతున్నాడు." విప్పేశాగా అన్నాను. "సాక్సుల్తో జారిపడ్డావనుకో, ఫ్రెంచిలో ఏడవాలి, తెలుసా? తెలుగులో ఏడిస్తే ఎవరూ లేపరు." నాకూ నవ్వొచ్చింది. అప్పుడే తన ఫోను మోగింది. తెర మీద కావ్యశ్రీ అని చూశాను. చూడాలని చూడలేదు, నా కళ్ళ ముందే వెలిగింది. "నువ్వు లోపల కూర్చో, వచ్చేస్తా," అని హోప్ మళ్ళీ మెట్లు దిగిపోయింది.

కావ్యశ్రీని నేను చూడలేదు. వాంకూవర్‌లో హోప్ ఉండబోయే ఇల్లు ఆ అమ్మాయిది. హైదరాబాదు అమ్మాయి, ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తుందట. ఆ ఇంట్లో అద్దెకిచ్చే గదులు రెండు. ఒకటి హోప్‌కి. రెండోది ఇంకా ఖాళీ. ఇది హోప్ నాకు చెప్పలేదు. మాంట్రియల్ నుంచి ఇక్కడికి వచ్చే బస్సులో నేను నిద్రపోతున్నాననుకుని మాట్లాడుతుంటే విన్నాను. రెండో రూమ్ సంగతి నేను చెప్తా, కొంచెం ఆగు, ఎవరికీ ఇవ్వకు, అంది. ఆగు అంది. ఆ మాట పట్టుకునే ఈ రెండు రోజులూ తిరుగుతున్నాను. కోటగోడ మీద నడుస్తున్నప్పుడు, పాత ఫిరంగి మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని పొడుగు రొట్టెలో గోంగూర పచ్చడి పూసుకు తింటున్నప్పుడు, ఇక్కడి హాస్టల్లో పై మంచం మీద నుంచి తన చెయ్యి కిందికి వేలాడుతున్నప్పుడు, ఇప్పుడు అడుగుతుందేమో అనుకున్నాను. నువ్వూ వచ్చెయ్యవే, అంటుందేమో అని. ఇంతే నాకు కావలసింది. నేను అడగలేను. ఆ గది నాకివ్వమని, నన్నూ తీసుకుపొమ్మని, నువ్వు లేకపోతే మనం అద్దెకుంటున్న ఆ బేస్‌మెంట్‌లో ఒక్కదాన్నీ ఉండలేనని, ఇవేవీ నా నోట రావు. వాక్యాలు తయారుగానే ఉంటాయి, పెదవుల దాకా వచ్చి ఆగిపోతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. బళ్ళో నీళ్ళు తాగి వస్తానని అడగలేక సాయంత్రం దాకా దాహంతో కూర్చున్న రోజులున్నాయి. ఎదుటివాళ్ళు కనిపెట్టాలి. హోప్ కనిపెట్టేది.

యూరప్ ఆలోచన కూడా తనదే. మేముండే వాన్ ఊళ్ళో, పనిచేసే గోదాములో భోజనం వేళ మైక్రోవేవ్ ముందు వరసలో నిలబడి ఉండగా అంది, "మనిద్దరం బ్యాగులు తగిలించుకుని యూరప్ వెళ్దామే, రోమ్, పారిస్, అన్నీ." వీసాలు, టికెట్లు అన్నీ చూసి చూసి చివరికి, "పోనీ, ఇంటి పక్క యూరప్ ఉంది, అక్కడికెళ్దాం. గోడలు, ఫిరంగులు, ఫ్రెంచి, అన్నీ ఉన్నాయి, పాస్‌పోర్ట్ కూడా అక్కర్లేదు," అంది. అప్పటికి వాంకూవర్ ఉద్యోగం లేదు. అది వచ్చాక ఈ ప్రయాణం రూపమే మారిపోయింది. ఇప్పుడిది దారిలో మజిలీ. రేపు పొద్దున బస్సులో మళ్ళీ మాంట్రియల్ వెళతాం, అక్కడ తను విమానం ఎక్కుతుంది, నేను వాన్ బస్సు ఎక్కుతాను. తన సామాను అంతా ముందే పంపించేసింది. వీపు మీద ఉన్న బ్యాగే ఇక. నా వీపు మీదా అలాంటిదే ఉంది, చూసేవాళ్ళకి ఇద్దరం ఒక చోటికే వెళుతున్నట్టుంటుంది. నిన్న రొట్టెల దుకాణం ఆవిడ అడిగింది, మీరు అక్కాచెల్లెళ్ళా అని. హోప్ తడుముకోకుండా అవునంది. బయటికి వచ్చాక, "మరేమనాలి? రూమ్‌మేట్స్ అంటే ఆవిడ పాపం నిరాశ పడుతుంది," అంది.

ఎవరో కొవ్వొత్తి వెలిగించారు. మైనం వాసన. మా మందిరంలో కొవ్వొత్తులుండవు, ట్యూబులైట్లు, గోడకి వాక్యం రాసిన క్యాలెండరు, డప్పు. కానీ వాసన ఎక్కడో పరిచయంగా ఉంది, హాస్టల్లో కరెంటు పోయినప్పటి వాసన అది. పాలకొల్లులో మిషన్ హాస్టలు. ఆదివారం అందరం వరసగా పెద్ద చర్చికి నడిచేవాళ్ళం, చర్చి మెట్ల దగ్గర చెప్పులు పోయేవి. ఆదివారం చెప్పులు పోతే సోమవారం బడికి వట్టి కాళ్ళతోనే. అందుకని పెద్దమ్మాయిలు ఒక ఉపాయం నేర్పారు. నీ ఎడమ చెప్పూ నీ స్నేహితురాలి కుడి చెప్పూ కలిపి ఒక చోట పెట్టాలి, మిగతా రెండూ ఇంకో చోట. దొంగకి జత కావాలి కదా, సరిపడని జతని ఎవరూ ఎత్తుకుపోరు. ఎత్తుకుపోలేదు కూడా. కాకపోతే ఆరాధన అయ్యాక ఒకళ్ళు ముందు హాస్టలుకి పోవడానికి లేదు, రెండోవాళ్ళు వచ్చేదాకా మెట్ల మీద నిలబడాలి. నాకు ఆ నిలబడటం ఇష్టంగా ఉండేది. ఎండలో రాయి కాలేది, ఒక కాలు మీద ఒక కాలు వేసుకుని నిలబడేదాన్ని, నా కోసం ఒకళ్ళు వస్తారు, రాక తప్పదు.

ఈ సంగతి హోప్‌కి ఒకసారి చెప్పాను. తను కాకినాడ పిల్ల, ఇంగ్లీషు మీడియం, వాళ్ళ చర్చికి బెంచీలు, మార్బుల్ నేల, చెప్పులు పోయే బాధే లేదు. "అబ్బో, ఎంత తెలివే మీకు," అని నవ్వింది. ఆ మొదటి చలికాలంలోనే వాన్‌లో ఇద్దరం ఒకే దుకాణంలో ఒకే రకం బూట్లు కొన్నాం, తగ్గింపులో అవే ఉన్నాయి, కాలి కొలతా ఒకటే. బేస్‌మెంట్ గుమ్మంలో రోజూ కలిసిపోయేవి. చీకట్లో షిఫ్టుకి పరిగెత్తే తొందరలో నావి తను, తనవి నేను. చివరికి తను విసుక్కుని తన బూట్లకి ఎర్ర లేసులు కట్టుకుంది. "ఇక తేడా రాదు," అంది. లేసులు అలంకారానికే, విప్పి కట్టే పని లేదు, పక్కన జిప్పు ఉంది. అయినా ఎర్రవి హోప్‌వి, నల్లవి నావి. అప్పుడు నాకు చిన్నగా ఏదో పోయినట్టనిపించింది, ఏదని అడిగితే చెప్పలేను.

అడుగుల చప్పుడు వినిపించిన ప్రతిసారీ తల తిప్పుతున్నాను. హోప్ కాదు. ఒక జంట, ఎరుపు కోట్లు. హోప్ కాదు. ఒక ముసలావిడ, చేతికర్ర. ఇలా తిప్పుతూ కూర్చుంటే నా మొహం చూసి ఎవరైనా జాలిపడేలా ఉన్నాను. ఊలు స్కార్ఫు తీసి తల మీదుగా కప్పుకున్నాను, చెవులు చలికి మండుతున్నాయి. కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుంటే ఎదురుచూడటం తేలిక. హోప్ బూట్ల చప్పుడు నాకు తెలుసు, మడమ గట్టిగా వేస్తుంది, పై మెట్టు మీద నుంచే తెలుస్తుంది. ఆ చప్పుడు వచ్చినప్పుడు కళ్ళు తెరిస్తే చాలు.

మూసిన కళ్ళ చీకట్లో విజయరత్నం అంకుల్ గొంతు వినిపిస్తోంది. వాన్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం, ఆదివారం మధ్యాహ్నం అద్దెకు తీసుకున్న బడి హాలు, బాస్కెట్‌బాల్ గీతల మీద వేసిన ప్లాస్టిక్ కుర్చీలు. పాటలయ్యాక అంకుల్ మైకు పట్టుకుని, "సాక్ష్యాలున్నాయా? దేవుడు చేసిన మేలు దాచుకోకూడదమ్మా, లేచి చెప్పాలి," అనేవారు. ఉద్యోగం వచ్చినవాళ్ళు, కారు కొన్నవాళ్ళు, వీసా వచ్చినవాళ్ళు లేచి చెప్పేవాళ్ళు. నాకు పీఆర్, ఈ దేశంలోనే ఉండిపోయే అనుమతి, వచ్చినప్పుడు అందరికీ తెలిసిపోయింది. అంకుల్ నన్నే చూస్తూ, "బాలకుమారీ, రామ్మా," అన్నారు. నా కాళ్ళు లేవలేదు. అప్పుడు పక్కన కుర్చీ కిర్రుమంది. హోప్ లేచి మైకు తీసుకుంది. "వందనాలండీ. బాలకుమారికి సిగ్గండీ. దాని సాక్ష్యం నేనే చెప్తానండీ," అంది. హాలంతా నవ్వులు. తర్వాత అంతా చెప్పింది, నేను మొదటి శీతాకాలంలో గోదాములో పెట్టెలు మోస్తూ వేళ్ళు కొంకర్లు పోయి ఏడ్చింది, మా అమ్మకి ఫోన్లో బాగున్నానని అబద్ధం చెప్పింది, ప్రతి రాత్రీ మోకాళ్ళ మీద ఉండి ఏం అడిగానో అది కూడా. నేనెప్పుడూ తనకి చెప్పలేదు అవన్నీ. చూసి తెలుసుకుంది. నా బతుకు ఇంకొకళ్ళ నోట అంత బాగా వినిపించడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి నేను ఇంకా తక్కువ మాట్లాడటం మొదలుపెట్టానేమో. అవసరం ఏముంది, హోప్ ఉంది. షిఫ్టు మార్చమని సూపర్‌వైజరుని హోప్ అడిగేది. హీటరు పాడైందని ఇంటాయనకి హోప్ చెప్పేది. బిర్యానీలో ఇంకో ముక్క వెయ్యమని కూడా హోప్. "ఈ పిల్లకి వెయ్యండి ఆంటీ, అడగదు."

వెనక ఎక్కడో ఏదో కదిలింది. మెత్తగా, నేల మీద గుడ్డ ఒరుసుకున్నట్టు. చేతికర్ర ముసలావిడ అయి ఉంటుంది, లేదా చర్చి తుడిచే మనిషి. బూట్ల చప్పుడు కాదు. నా వెనక బల్ల చిన్నగా మూలిగింది. ఎవరో కూర్చున్నారు. ఊపిరి వినిపిస్తోంది, మెట్లెక్కి వచ్చిన ఊపిరి. వాళ్ళ ప్రార్థన వాళ్ళది. నేను కళ్ళు తెరవలేదు. ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకోవడానికి వచ్చారేమో, తిరిగి చూస్తే బాగుండదు. నేను నా చప్పుడు కోసం వింటున్నాను. దేవుడా, అని మాత్రం అన్నాను లోపల. దాని తర్వాత ఏం అడగాలో తోచలేదు. తనని ఆపమనా? ఆపితే తనకి అన్యాయం, పోర్టులో ఆఫీసు ఉద్యోగం, తను దానికోసం రెండేళ్ళు చదివింది. నన్ను పిలిపించమనా? దేవుడు కూడా హోప్ నోటితోనే అడగాలి కాబోలు నా పనులన్నీ. నా తరఫున ఒకళ్ళు, దేవుడి తరఫున కూడా వాళ్ళే. నవ్వొచ్చింది. వెనక బల్ల మళ్ళీ మూలిగింది, మెత్తటి అడుగులు వెళ్ళిపోయాయి. ఎక్కడో ఫోను వణికిన చప్పుడు. తర్వాత తలుపు. చల్లటి గాలి మెడ మీద ఒక్కసారి తగిలి ఆగిపోయింది.

వాన్‌లో బేస్‌మెంట్ కిటికీ నేల మట్టానికి ఉంటుంది. మంచు పడితే సగం మూసుకుపోతుంది, అప్పుడు గదిలో వెలుతురు నీలంగా ఉంటుంది. హోప్ మంచం ఇప్పటికే ఖాళీ. బయల్దేరే రోజు దుప్పటి మడిచి పెడుతుంటే పరుపు మీద తన మనిషంత పల్లం కనిపించింది. గుమ్మంలో బూట్లు నావొక్కటే ఉంటాయి ఇక. కలిసిపోయే భయం లేదు. ఎర్ర లేసులు అక్కర్లేదు. ఈసారి సాక్ష్యం చెప్పాల్సి వస్తే ఎవరు లేస్తారు.

చాలాసేపయింది. హోప్ రాలేదు. ఇక రాదు. కళ్ళు తెరిచాను. ఓడ అలాగే ఉంది.

గుమ్మంలో వెలుతురు తక్కువ. వంగి బూట్లు వేసుకున్నాను. ఒకటి సులువుగా పోయింది. రెండోదాంట్లో కాలు కొంచెం బయటి పక్కకి వాలింది, లోపల వెచ్చగా ఉంది. వెచ్చగా ఎందుకుందో అర్థం కాక వంగి చూశాను. ఎడమది నల్ల లేసు. కుడిది ఎర్ర లేసు.

కూడలి అవతల, నది కనిపించే చోట, రాతి అరుగు మీద హోప్ కూర్చుని ఉంది. ఫోను ఒళ్ళో ఉంది. కాళ్ళు ఊపుతోంది, ఒక బూటుకి ఎర్ర లేసు, ఒకదానికి నల్ల లేసు. పరిగెత్తబోయి ఆగాను. గుర్తుంది తనకి. నేను చెప్పింది గుర్తుంది. కలిపి పెట్టింది, ఒకళ్ళు లేకుండా ఒకళ్ళు పోవడానికి లేకుండా.

"అయిపోయిందా ప్రార్థన?" అంది.

"ప్రార్థన కాదు."

"మరేంటి, ముసుగేసుకుని, కళ్ళు మూసుకుని? నేను లోపలికి వచ్చా తెలుసా. నీ వెనకే కూర్చున్నా."

"బూట్ల చప్పుడు రాలేదే."

"విప్పే వచ్చా తల్లీ. గుమ్మంలో నీ బూట్లు ఒక్కటే ఉంటే చూడ్డానికి ఏదోలా అనిపించింది. పక్కన పెట్టా."

"నన్ను కదిలించొచ్చుగా."

"ప్రార్థనలో ఉన్న మనిషిని ఎవరన్నా కదిలిస్తారా? మా నాయనమ్మ అయితే వీపు పగలగొట్టేది." నవ్వింది, కానీ నవ్వు మొహమంతా రాలేదు. నది వైపు తిరిగింది. అవతలి ఒడ్డుకి ఫెర్రీ బయల్దేరుతోంది. "కావ్యశ్రీ రెండో రూమ్ సంగతి అడిగింది. ఇవాళ చెప్పకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంది. నిన్ను అడుగుదామనే వచ్చా లోపలికి. చూస్తే నువ్వు అంత స్థిమితంగా కూర్చున్నావు. ఎందుకులే అనిపించింది. వాన్‌లో దీనికి ఉద్యోగం ఉంది, సంఘం ఉంది, అంకుల్ వాళ్ళున్నారు, నా కోసం దీన్ని ఎందుకు కదపాలి అని. ఇంతలో మళ్ళీ కాల్. పరిగెత్తుకొచ్చి ఇచ్చెయ్యమన్నా."

ఫెర్రీ కూత వేసింది. అది ఆగేదాకా ఇద్దరం ఆగాం. వాక్యం పెదవుల దాకా వచ్చింది. ఈసారి లేచి మైకు తీసుకునేవాళ్ళెవరూ లేరు.

"అడిగితే వచ్చేదాన్ని," అన్నాను.

హోప్ కాళ్ళు ఊపడం ఆపేసింది. "ఏంటి?"

"వచ్చేదాన్ని. నువ్వు అడగాలని రెండు రోజుల నుంచీ చూస్తున్నా. బస్సులో నువ్వు మాట్లాడింది విన్నా."

"ఇప్పుడా చెప్పడం?" అరిచినంత పని చేసింది. రొట్టె తింటున్న ఒకాయన తిరిగి చూశాడు. "విని కూడా నోరు మూసుకు కూర్చున్నావా? నీకేం కావాలో ఒక్కసారన్నా చెప్పావే నాకు? ప్రతిదీ నేనే కనిపెట్టాలా? ఒక్కసారి, ఒక్కసారి తప్పు కనిపెట్టా, అంతే..." ఫోను తీసి నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుని నా వైపే చూస్తోంది. "హలో కావ్యా, అదే, ఆ రూమ్... ఓ. అప్పుడేనా. లేదు లేదు, పర్లేదు. అయ్యో, నువ్వేం చేస్తావ్. ఓకే. ఓకే." ఫోను దించింది. ఏమీ చెప్పక్కర్లేదు.

నేను వెళ్ళి అరుగు మీద తన పక్కన కూర్చున్నాను. నాలుగు కాళ్ళూ నదికి ఎదురుగా వేలాడుతున్నాయి. అప్పుడు చూసింది తను. కిందికి చూసి, నా కాళ్ళు చూసి, మళ్ళీ తన కాళ్ళు చూసుకుంది.

"అయ్యయ్యో... ఇదేంటే, నీది వేసుకొచ్చేశానా? ఫోను మోగుతుంటే చీకట్లో చూసుకోలేదు. తీయ్, మార్చుకుందాం."

చూసుకోలేదు. అంతే. కలిపి పెట్టలేదు. నాకు బాధ వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా, వచ్చి పక్కన కూర్చుంది, మూడో మనిషిలా. తను అప్పటికే వంగి జిప్పు పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండనీ."

"పిచ్చా నీకు?"

"ఉండనీ హోప్. మాంట్రియల్ దాకా."

తను నా మొహం చూసింది చాలాసేపు. ఏదో కనిపెట్టబోయినట్టు చూసి, మానేసింది. నేను చెప్పాను కదా, కనిపెట్టక్కర్లేదు. జిప్పు వదిలేసింది. బ్యాగులు తగిలించుకుని పై ఊరికి మెట్లెక్కడం మొదలుపెట్టాం, తను ముందు, నేను వెనక. హోప్ మడమ బయటి పక్కకి అరగ్గొడుతుందని ఇన్నేళ్ళుగా నాకు తెలియదు. ప్రతి మెట్టు మీదా నా కుడికాలు కొంచెం తన అరుగుదల వైపు వాలుతోంది. ముందు తను కూడా కొంచెం ఒరిగి నడుస్తోంది, నా అడుగు తనని ఎటు లాగుతోందో మరి.